పాత 1.3 డీజిల్: నాలుగు సెన్సర్ కోడ్లు, పైగా రివర్సు గేరు గరగర. ఏది ముందు చూడాలి?

లంకబండి
2010 మోడల్, 1.3 లీటర్ కామన్ రైల్ డీజిల్, 5 గేర్ల మాన్యువల్. 1,64,000 కి.మీ. తిరిగింది. క్లచ్చుకీ గేర్లకీ కేబుళ్ళే. కంపెనీ ఏదని అడక్కండి, ఆ ఇంజను చాలా కంపెనీల బానెట్ల కింద ఉంది.
పొద్దున్నే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, నాలుగైదు సెకన్లు లాగితే గానీ పట్టుకోదు. చెక్ లైటు వస్తుంది, పోతుంది. స్కానర్ పెడితే నాలుగు కోడ్లు: క్రాంక్ సెన్సర్ పీ0335, వోల్టేజి తక్కువని పీ0562, స్పీడ్ సెన్సర్ పీ0500, గాలి కొలిచే మాఫ్ సెన్సర్ పీ0101. గతుకు వస్తే స్పీడో ముల్లు సున్నాకి పడి మళ్ళీ లేస్తుంది. మూడో గేర్లో మనుషులతో లాగితే 2500 దాటాక పికప్ లేదు.
ఇక గేర్లు. రివర్సు వేస్తే గరగర. వేడెక్కాక ఫస్టు పడదు. 8 నెలల్లో రెండు క్లచ్ కేబుళ్ళు మార్చాం, రెండోది కూడా బిగుసుకుపోతోంది. క్రాంక్ సెన్సర్ కొత్తది వేశారు, తేడా లేదు. ఇప్పుడు షెడ్డులో మిగతా సెన్సర్లు కూడా మార్చి, గేర్‌బాక్స్ దింపి క్లచ్ సెట్టు వేద్దామంటున్నారు. ఏది ముందు?

పులస_ప్రియ
ముందు అమ్మెయ్యండి. ఆ డబ్బుతో సీజన్లో పులస కొనుక్కోవచ్చు. సగం ముక్క వస్తుంది.

పది_పానా
1,64,000 మీద ఇంకా పాత క్లచ్చేనా? అయితే ఆలోచన ఎందుకండి. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి మార్చుకోండి. బేరింగు గైడు ట్యూబు మీద ఇరుక్కుంటే కేబుల్ మీద బరువు పడి తెగుతుంది. రివర్సు గరగర కూడా అదే.

లంకబండి
క్లచ్ సెట్టు 1,20,000 కి.మీ. దగ్గర మార్చేరు. జారడం లేదు.

మీటరు_మావయ్య
పానా తమ్ముడూ, కాస్త ఆగు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు కోడ్లు ఒకేసారి పడితే నాలుగు సెన్సర్లు కూడబలుక్కుని చచ్చిపోయాయని కాదు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయింది. ఉమ్మడిగా ఉండేవి మూడు: బ్యాటరీ వోల్టేజి, సెన్సర్లకి వెళ్ళే 5 వోల్టుల సప్లై, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్ళే దారి). పీ0562 ఆ మాటే చెబుతోంది. షెడ్డులో ఆ ఒక్క కోడుకీ విడిభాగం లేదు కాబట్టి దాన్ని వదిలేసి మిగతా మూడూ పట్టుకున్నారు.
ఇంకొకటి. పీ0335 అంటే క్రాంక్ సెన్సర్ పోయిందని అర్థం కాదు, క్రాంక్ సెన్సర్ సర్క్యూట్లో తేడా ఉందని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సరు, కప్లరు (వైర్లు గుచ్చే సాకెట్టు), వైరు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) పిన్ను, అన్నీ.
స్కానర్ లైవ్ డేటాలో సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఈ మూడు అంకెలు రాయండి: ఇంజన్ ఆర్‌పీఎం, ఈసీయూ వోల్టేజి, రైల్ ప్రెజర్ (ఇంజెక్టర్లకి వెళ్ళే డీజిల్ ఒత్తిడి). మల్టీమీటరుంటే అదే టైములో బ్యాటరీ పోస్టుల మీద వోల్టేజి కూడా.

లంకబండి
ఆర్‌పీఎం 130, ఒక్కోసారి సున్నా చూపించి మళ్ళీ వస్తోంది. ఈసీయూ వోల్టేజి 8.3. రైల్ ప్రెజర్ 260 బార్. బ్యాటరీ పోస్టుల మీద 10.2. బ్యాటరీ ఆర్నెల్ల కిందటిది.

మీటరు_మావయ్య
దొరికింది. బ్యాటరీ దగ్గర 10.2, ఈసీయూ దగ్గర 8.3. మధ్యలో 1.9 వోల్టులు దారిలో ఎవరో తినేస్తున్నారు. బ్యాటరీ బాగానే ఉంది: సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందకి పడితే అప్పుడు దాన్ని అనుమానించాలి. డీజిల్ వైపు కూడా గోల లేదు. 260 బార్ అంటే స్టార్టవడానికి చాలు. చాలా కామన్ రైల్ బళ్ళలో 200 దాకా వస్తే ఈసీయూ ఇంజెక్టర్లు తెరుస్తుంది. పంపు, ఇంజెక్టర్లు అంటూ ఎవరైనా మొదలెడితే వినకండి.
130 ఆర్‌పీఎం మాత్రం తక్కువ, 200 పైన ఉండాలి. ఇండక్టివ్ క్రాంక్ సెన్సర్ పళ్ళ చక్రం తిరిగే వేగాన్ని బట్టే వోల్టేజి పుట్టిస్తుంది. నెమ్మదిగా తిరిగితే సిగ్నల్ చిన్నది. ఈసీయూకి అసలే 8 వోల్టులు, సిగ్నల్ చిన్నది, లెక్క తప్పి పీ0335 వేస్తుంది. కొత్త సెన్సర్ వేస్తే మారనిది అందుకే.

కాలవగట్టు
మావయ్య గారూ, మీరు చూడని సంగతి ఒకటుంది. 8 నెలల్లో రెండు క్లచ్ కేబుళ్ళు. అది క్లచ్చు తప్పు కాదు, కరెంటు తప్పు.
ఇంజనూ గేర్‌బాక్సూ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటాయి. అంటే బాడీకీ వాటికీ కరెంటు దారి ఎర్త్ పట్టీ ఒక్కటే. సెల్ఫ్ మోటారు లాగేది వంద ఆంపియర్ల పైన. పట్టీ చెడితే ఆ కరెంటు ఊరుకోదు, బాడీకి ఇనుముతో కలిసిన ఇంకో దారి వెతుక్కుంటుంది. గేర్‌బాక్స్ నుంచి బాడీకి అలా ఉన్నవి క్లచ్ కేబుల్, గేర్ కేబుళ్ళు. లోపలి స్టీలు తీగ వేడెక్కి ప్లాస్టిక్ లైనింగ్ కరిగి తీగకి అంటుకుంటుంది. అప్పుడు పెడలు బిగుసుకుంటుంది, క్లచ్చు పూర్తిగా విడదు, రివర్సు గరగరమంటుంది.
పాత కేబుల్ పారెయ్యకపోతే చివర చూడండి. అరిగి తెగిన కేబుల్ పోగులు పోగులుగా ఊడుతుంది. కాలిన కేబుల్ తొడుగు ఉబ్బి, నల్లబడి ఉంటుంది.

పది_పానా
కరెంటుతో క్లచ్ కేబుల్ కాలడమేంటండి బాబు, ఎక్కడైనా విన్నామా?

కొబ్బరిపీచు
విన్నామండి. పాత పెట్రోలు బళ్ళలో యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ ఇలాగే కాలేవి. రాత్రిపూట బానెట్ తీసి సెల్ఫ్ కొట్టిస్తే కేబుల్ చివర నిప్పురవ్వ కనిపించేది.

లంకబండి
పాత కేబుల్ డిక్కీలోనే ఉంది. గేర్‌బాక్స్ వైపు చివర జానెడు మేర తొడుగు ఉబ్బి, పేలాల్లా బొబ్బలెక్కింది. లోపలి తీగ లాగితే కదలడం లేదు.

కాలవగట్టు
ఆయ్. మరింక అనుమానం ఎందుకండి.

మీటరు_మావయ్య
కాలవగట్టు గారికి నా ఓటు, నాకు తట్టలేదు. రెండు పరీక్షలు చెయ్యండి, ఖర్చు లేదు.
మొదటిది, బ్యాటరీ నుంచి బ్యాటరీకి స్టార్ట్ చేసే జంపర్ కేబుల్ ఒకటి తీసుకోండి. ఒక కొస బ్యాటరీ నెగెటివ్ పోస్టుకి, రెండో కొస గేర్‌బాక్స్ మీద పెయింటు లేని బోల్టుకి గట్టిగా పట్టించి సెల్ఫ్ కొట్టండి. హుషారుగా తిరిగితే ఎర్త్ అని తేలిపోయింది. ఫ్యాన్ బెల్టుకి దూరంగా పట్టించండి.
రెండోది, ఎక్కడ పోయిందో తెలుసుకోడానికి. జంపర్ తీసేసి, మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఒక్కో అంచెనీ కొలవండి: నెగెటివ్ పోస్టు నుంచి దాని క్లాంపుకి, క్లాంపు నుంచి బాడీకి, బాడీ నుంచి గేర్‌బాక్స్‌కి. మీటరు మొన పోస్టు సీసం మీదే ఆనాలి, క్లాంపు మీద కాదు. బండి స్టార్టవకుండా ఉండాలంటే క్రాంక్ సెన్సర్ కప్లరు పీకి ఉంచండి. కోడు పడుతుంది, తర్వాత చెరిపేసుకోవచ్చు. మొత్తం మీద 0.2 లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే జబ్బు.

కొత్త_లైసెన్సు
ఓమ్స్‌లో పెట్టి పట్టీ చూస్తే చాలదా? బీప్ అంటే బాగున్నట్టేగా?

మీటరు_మావయ్య
చాలదు బాబూ. పట్టీలో వంద పోగులుంటే తొంభై తొమ్మిది తెగినా మీటరు బీప్ అంటుంది. మీటరు పంపేది మిల్లీ ఆంపియరు కరెంటు, దానికి ఒక్క పోగు చాలు. సెల్ఫ్‌కి కావలసింది వంద పైన. కాలిబాట మీద మనిషి నడిచాడని లారీ వెళ్తుందా? అందుకే కరెంటు పారుతుండగానే కొలవాలి.

లంకబండి
జంపర్ పెట్టగానే సెల్ఫ్ కొత్త బండిలా తిరిగింది. ఒక్క సెకను, అంతే, పట్టుకుంది. జంపర్ తీసి కొలిస్తే: పోస్టు నుంచి క్లాంపు 0.04, క్లాంపు నుంచి బాడీ 0.11, బాడీ నుంచి గేర్‌బాక్స్ 1.75.
బ్యాటరీ ట్రే విప్పేను. దాని కింద అల్లిక పట్టీ ఉంది, బాడీ వైపు లగ్గు (బోల్టుకి బిగించే కొస) దగ్గర పచ్చగా చిలుం పట్టి పొడి పొడి. వేలితో వంచితే సగం పోగులు చేతికొచ్చేశాయి. ఈసీయూ ఎర్త్ వైర్లు రెండూ గేర్‌బాక్స్ మీద అదే బోల్టుకి ఉన్నాయి.

పులస_ప్రియ
ఆత్రేయపురం పూతరేకన్నమాట. పొరలు పొరలు. నెయ్యి రాశారా?

ఓడలరేవు_ఉప్పుగాలి
సముద్రం పక్కన, చెరువుల పక్కన తిరిగే బళ్ళన్నిటికీ ఇదే రోగం. రొయ్యల బండి, చేపల బండి ముందు పోతుంటే వెనకాల ఐసు నీళ్ళు కారుతూ ఉంటాయి, అవి ఉప్పు నీళ్ళు. మన టైర్లు లేపి బానెట్ కిందకి కొడతాయి. బ్యాటరీ ఆవిరి ఎలాగూ ఉంది. రాగి అల్లిక పట్టీ ఒత్తులా పీల్చుకుంటుంది. పైకి బాగానే కనబడుతుంది, లోపల పొడి.
వారానికోసారి కిందనుంచి మంచినీళ్ళతో కడిగించండి. ఇంజను మీద ప్రెషర్ గన్ను మాత్రం వద్దు, కప్లర్లలోకి నీళ్ళు పోతాయి.

మీటరు_మావయ్య
పట్టీ ఎలా వెయ్యాలో రాస్తున్నా, మళ్ళీ మళ్ళీ చెయ్యకుండా. అల్లిక పట్టీ బదులు 25 చదరపు మి.మీ. రాగి బ్యాటరీ కేబుల్, తొడుగున్నది. రెండు కొసలా రాగి లగ్గులు ప్రెస్సుతో నొక్కించండి. సుత్తితో కొట్టి అణచడం, ఒట్టి సోల్డరింగు వద్దు, వేడికి వదులవుతాయి. లగ్గు మెడ మీద జిగురున్న హీట్ ష్రింక్ వెయ్యండి, తడి లోపలికి పాకేది అక్కణ్ణించే. బాడీ వైపు రూపాయి బిళ్ళంత మేర పెయింటు గీకి మెరిసే లోహం కనబడాలి. లగ్గు లోహం మీదే కూర్చోవాలి, వాషరు దాని మీద. బిగించిన తర్వాత పైన వాసిలీను దట్టంగా పూయండి.
కేబుల్ బిగుతుగా లాగొద్దు. రేసు ఇస్తే ఇంజను మౌంటుల మీద ఊగుతుంది, నాలుగు వేళ్ళ వదులు ఉంచండి.
పాత పట్టీ తీసేసిన చోటు కాక, బ్యాటరీ నెగెటివ్ క్లాంపు నుంచి నేరుగా గేర్‌బాక్స్‌కి రెండో కేబుల్ కూడా వేస్తే ఇంకా మంచిది.

పది_పానా
వాసిలీను ముందే రాయాలండి, లగ్గు కింద. తర్వాత రాస్తే లోపలికి ఎలా పోతుంది?

మీటరు_మావయ్య
గట్టిగా బిగిస్తే లోహానికి లోహం నొక్కుకుని మధ్యలో ఉన్నది బయటికి పోతుంది, కాబట్టి సన్నని పొర రాసినా కొంప మునగదు. దట్టంగా పెట్టి సగం బిగిస్తేనే సమస్య. నేను మాత్రం తర్వాతే అంటాను.

పది_పానా
సరే. మీరు తర్వాత, నేను ముందు. లంకబండి గారు రెండుసార్లూ రాస్తారు.

డ్రైవరమ్మ
ఎర్త్ సంగతి తేలింది, సంతోషం. గేర్ల సంగతి ఇంకా తేలలేదు. కేబుల్ బిగుసుకుంటే రివర్సు గరగరమంటుంది, నిజమే. కానీ పేరు చూస్తే లంకల్లో తిరిగే బండిలా ఉంది. వరద టైములో కాజ్‌వే మీద నీళ్ళలోంచి తీసుకెళ్ళారా?

లంకబండి
తీసుకెళ్ళామండి. ఆగస్టులో రెండు మూడు సార్లు, చక్రం సగం మేర నీళ్ళు.

డ్రైవరమ్మ
అయితే గేర్ ఆయిల్ చూడాల్సిందే. చక్రం సగం అంటే యాక్సిళ్ళు గేర్‌బాక్స్‌లోకి వెళ్ళే చోటు సరిగ్గా నీళ్ళలో ఉన్నట్టు. పది కిలోమీటర్లు తిరిగి వేడెక్కిన గేర్‌బాక్స్ ఒక్కసారి చల్లటి గోదారి నీళ్ళలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. పైనున్న బ్రీదర్ (గాలి ఆడే కన్నం) బురదతో మూసుకుపోయి ఉంటే ఆ గాలి లోటు యాక్సిల్ సీళ్ళ దగ్గర నీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపడానికి చేసిన సీలు అది, బయటి నీళ్ళని ఆపడం దాని పని కాదు.
దింపే ముందు క్లచ్చా గేర్‌బాక్సా తేల్చుకోండి. ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. తేలిగ్గా పడితే గేర్ కేబుళ్ళూ లివర్లూ బాగున్నట్టు. తర్వాత ఇంజన్ ఆన్ చేసి, న్యూట్రల్లో క్లచ్ పూర్తిగా తొక్కి పది లెక్కపెట్టి రివర్సు వెయ్యండి. మెత్తగా పడితే క్లచ్చు విడుతోంది, అంతకుముందు మీరు తొందరపడ్డారంతే. చాలా బాక్సుల్లో రివర్సుకి సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే ఇత్తడి రింగు) ఉండదు, లోపలి షాఫ్టు ఆగాలి. పది సెకన్ల తర్వాత కూడా గరగరమంటే క్లచ్చు విడడం లేదు. ఇక నడుస్తుండగా ఏదో ఒక్క గేరు మాత్రమే, ఉదాహరణకి మూడు నుంచి రెండుకి దించినప్పుడే, గరగరమంటే ఆ గేరు సింక్రో రింగు అరిగింది. మీకు ఏది?

లంకబండి
ఇంజన్ ఆపితే అన్నీ తేలిగ్గా పడుతున్నాయి. పది సెకన్ల తర్వాత కూడా రివర్సు గరగర. నడుస్తుండగా రెండో గేరుకి దించితే పొద్దున్న కొంచెం పట్టేస్తుంది, వేడెక్కాక పోతుంది.

డ్రైవరమ్మ
రివర్సు కేబుల్ వల్ల. రెండో గేరు పొద్దున్న పట్టడం ఆయిల్ వల్ల. రెండు వేరు వేరు జబ్బులు, ఒకటే మందు వెయ్యకండి. ఎర్త్ వేసేక కొత్త క్లచ్ కేబుల్ వెయ్యండి. వరస ముఖ్యం: ఎర్త్ వెయ్యకుండా కేబుల్ వేస్తే మూడోదీ కాలుతుంది.
ఆయిల్ మార్చేటప్పుడు ముందు పైన నింపే బిరడా విప్పి చూసుకోండి, అది ఊడుతుందని తేలాకే కింద బిరడా ముట్టుకోండి. ఆయిల్ దించేశాక పైది జామైందని తెలిస్తే బండి కదలదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు దించి, ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా ఉంచండి.

కొబ్బరిపీచు
ఈలోగా స్పీడ్ సెన్సర్ సంగతి. ఎర్త్ వేసినా పీ0500 పోకపోవచ్చు, ముల్లు గతుకుల్లో పడిపోతోంది అన్నారు కదా, అది కప్లర్ లక్షణం. ఈ రకం బళ్ళలో సెన్సరు గేర్‌బాక్స్ నెత్తిన ఉంటుంది, మూడు వైర్లు. వాటి మధ్యన వెచ్చగా ఉంటుందని ఎలకలు కొబ్బరి పీచు తెచ్చి గూడు పెడతాయి. పీచు తడి పట్టి ఉంచుతుంది, వైరు కొరుకుతాయి. ముందు గూడు ఉందో లేదో చూడండి.
పరీక్ష: హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి స్టాండు పెట్టండి. న్యూట్రల్, కీ ఆన్, ఇంజన్ ఆఫ్. సిగ్నల్ వైరు మీద మీటరు పెట్టి చక్రం చేత్తో మెల్లగా తిప్పితే వోల్టేజి సున్నాకీ పైకీ ఎగిరి పడుతూ ఉండాలి. ఎగిరితే సెన్సరు బతికే ఉంది. అప్పుడు వైరు కదిపి చూడండి, ఎక్కడ కదిపితే ఆగిపోతుందో అక్కడే జబ్బు.

కొత్త_లైసెన్సు
ఒక చక్రం నేల మీదుంటే రెండోది తిరుగుతుందా?

కొబ్బరిపీచు
డిఫరెన్షియల్ ఉన్నది అందుకే. ఒకటి ఆగితే రెండోది తిరుగుతుంది, లోపలి క్రౌన్ వీల్ సగం వేగంతో తిరుగుతుంది. సెన్సర్‌కి అది చాలు.

పులస_ప్రియ
పేరు కొబ్బరిపీచు, బాధ కూడా కొబ్బరిపీచే.

లంకబండి
నాలుగు రోజుల పని రిపోర్టు.
ఎర్త్: 25 కేబుల్ రెండు వేశాం. సెల్ఫ్ కొడితే పోస్టు నుంచి గేర్‌బాక్స్‌కి మొత్తం 0.12. ఆర్‌పీఎం 230. ఈసీయూ వోల్టేజి 9.8. కానీ బ్యాటరీ పోస్టుల మీద 10.2 ఉండేది ఇప్పుడు 9.9 అయింది. బ్యాటరీ పోతోందా?
స్పీడ్ సెన్సర్: పీచు గూడు ఉంది! కప్లర్ ఒక పిన్నుకి చిలుం, ఒక వైరు తోలు కొరికేసింది. పిన్ను మార్చి వైరు కలిపేం. ముల్లు ఇక పడట్లేదు.
గేర్ ఆయిల్: పాలెక్కువైన టీ రంగు. సీసాలో పొద్దుటికి అడుగున వేలెడు నీళ్ళు.
ఇప్పుడు మిగిలింది పీ0101 ఒక్కటే, పికప్ ఇంకా అంతే.

మీటరు_మావయ్య
బ్యాటరీ పోవట్లేదు. ఇదివరకు దారి ఇరుకై సెల్ఫ్‌కి 8.3 మాత్రమే దక్కేది, తక్కువ కరెంటు లాగేది. ఇప్పుడు దారి తెరుచుకుంది, కావలసినంత లాగుతోంది, బ్యాటరీ ఇంకాస్త వంగింది. 9.9 నుంచి 0.12 పోతే 9.8, ఈసీయూ అంకెతో సరిపోయింది. ఇంజన్ ఆన్‌లో ఏసీ, హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 మధ్య ఉందో చూడండి, చాలు.

పది_పానా
నీళ్ళు కలిసిన గేర్‌బాక్స్‌లో లీటరు డీజిల్ పోసి కాసేపు తిప్పి దించితే శుభ్రంగా వస్తుంది. మా దగ్గర అందరూ అదే చేస్తారు.

డ్రైవరమ్మ
అందరూ చేస్తారు, అందుకే అందరి బేరింగులూ కూస్తాయి. డీజిల్‌కి గేరు పళ్ళ మధ్య పొర నిలబెట్టే బలం లేదు. దించినా మూలల్లో కొంత మిగిలి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. చవక రకమైనా సరే గేర్ ఆయిలే పొయ్యండి, పది కిలోమీటర్లు మెల్లగా నడిపి దించెయ్యండి. ఇంకా పాలరంగు ఉంటే మరోసారి. మూడోసారి అసలు ఆయిల్.
కొనేటప్పుడు డబ్బా మీద జీఎల్-4 అని ఉండాలి, చిక్కదనం మీ మాన్యువల్లో ఉన్నదే, ఎక్కువగా 75డబ్ల్యూ-80 గానీ 75డబ్ల్యూ-90 గానీ ఉంటుంది. షాపులో జీఎల్-5 ఇచ్చి "ఇది ఇంకా పెద్ద నంబరండి" అంటారు. పెద్ద నంబరే, కానీ లారీ వెనక యాక్సిల్‌కి. దాంట్లో గంధకం మందు ఎక్కువ, సింక్రో రింగుల ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది, పైగా జారుడు ఎక్కువై సింక్రో పట్టదు. మీ మాన్యువల్ జీఎల్-5 అని రాస్తే తప్ప ముట్టుకోకండి.
సుమారు రెండు లీటర్లు పడుతుంది, కానీ లీటర్లతో కాదు మట్టంతో నింపండి. బండి నాలుగు వైపులా సమంగా నిలబెట్టి, నింపే కన్నం అంచుకి వచ్చి కారడం మొదలయ్యేదాకా. ముందు మాత్రమే జాకీ ఎత్తి నింపితే మట్టం తప్పుతుంది.
కింద బిరడా అయస్కాంతం మీద ఏముంది?

లంకబండి
బూడిద రంగు ముద్ద, మెత్తగా ఉంది. వేళ్ళ మధ్య నలిపితే పలుకు లేదు. ఆయిల్‌లో ఎండకి పెడితే కొంచెం బంగారు మెరుపు.

డ్రైవరమ్మ
బూడిద ముద్ద మామూలు అరుగుదల. పలుకులు, గోటి ముక్కల్లాంటివి ఉంటే బాక్సు విప్పాలి. బంగారు మెరుపు సింక్రో ఇత్తడి, అది అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆయిల్‌లోనే తేలుతుంది. కొంచెమే అంటున్నారు, రెండో గేరు పట్టెయ్యడానికి పాడైన ఆయిల్‌తో పాటు అదీ ఒక కారణం. కొత్త ఆయిల్‌తో వెయ్యి కిలోమీటర్లు నడిపి మళ్ళీ చూడండి, ఇప్పుడే దింపక్కర్లేదు. బ్రీదర్ ఊదితే గాలి ఆడాలి. దాని మీద టోపీ తీసి రబ్బరు గొట్టం తొడిగి ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు) పైదాకా తీసుకెళ్ళి కొస కిందకి వంచండి. యాక్సిల్ సీళ్ళు రెండూ మార్చండి, యాక్సిల్ ఎలాగూ ఒకసారి లాగాలి.

చించినాడ_బ్రిడ్జి
పీ0101 నాకొదిలెయ్యండి. మాఫ్ కొత్తది కొనకండి, ముందు అది అబద్ధం చెబుతోందో లేదో లెక్క కట్టండి.
1248 సీసీని నాలుగుతో భాగిస్తే సిలిండరుకి 312. మన ఎండల్లో 35 డిగ్రీల గాలి సీసీకి సుమారు 1.15 మి.గ్రా. అంటే నిండుగా నిండితే 359. ఐడిల్లో 85 శాతం నిండుతుందనుకుంటే 300 అటూ ఇటూ. ఈజీఆర్ (కొంత పొగని మళ్ళీ ఇంజన్లోకి పంపే వాల్వు) తెరుచుకుంటే పొగ గాలి చోటు తీసుకుని ఈ అంకె బాగా పడిపోతుంది, కాబట్టి ఈజీఆర్ కప్లరు పీకి కొలవండి. స్కానర్‌లో ఒక్కో స్ట్రోకుకి మి.గ్రా. అని ఉంటుంది.
అలాగే కీ ఆన్, ఇంజన్ ఆఫ్ చేసి మ్యాప్ సెన్సర్ (ఇంజన్లోకి వెళ్ళే గాలి ఒత్తిడి కొలిచేది) ఎంత చూపిస్తోంది? మనది సముద్ర మట్టం, 1000 నుంచి 1015 మిల్లీబార్లు ఉండాలి. దీనికి మించిన కాలిబ్రేషన్ షాపు లేదు.

పది_పానా
ఈజీఆర్‌కి రేకు కొట్టి మూసెయ్యండి, పికప్ అదే వస్తుంది.

చించినాడ_బ్రిడ్జి
రేకు కొడితే గాలి లెక్క ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది, ఈజీఆర్ పారడం లేదని ఈసీయూ పీ0401 వేస్తుంది, పొగ నిబంధనలకీ విరుద్ధం. ఇంకో కోడు చేర్చి పాతది వెతకడం ఎందుకు? ఇరుక్కుంటే తీసి మసి గోకండి.

లంకబండి
ఈజీఆర్ పీకితే 290. కీ ఆన్‌లో మ్యాప్ 1008.

చించినాడ_బ్రిడ్జి
రెండూ సత్యవంతులే. ఇప్పుడు లోడు పరీక్ష. డెల్టాలో ఎత్తు అంటే బ్రిడ్జి ఎక్కడమే, ఇంకెక్కడుంది. జాతీయ రహదారి మీద దిండి వైపు నుంచి చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మూడో గేర్లో 2000 నుంచి పూర్తిగా తొక్కండి. స్కానర్ పక్కన కూర్చున్నవాళ్ళ చేతిలో ఉండాలి. 2500 దగ్గర మ్యాప్ 2000 మిల్లీబార్ల చుట్టుపక్కల రావాలి.

లంకబండి
1480 దాటలేదు. బుస్సుమని శబ్దం కూడా, అద్దాలు దించితేనే వినబడింది.

చించినాడ_బ్రిడ్జి
టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం పగిలింది. మాఫ్ గొట్టానికి ముందు ఉంటుంది, అది గాలి వచ్చిందని నిజమే చెబుతుంది. ఆ గాలి ఇంజన్‌కి చేరకముందే బయటికి పోతోంది. ఈసీయూకి రెండు లెక్కలూ కలవక మాఫ్ మీద నింద వేసింది. గొట్టం కింది వైపు నూనె తడి, దానికి దుమ్ము అంటిన నల్ల చార ఉంటే అక్కడే పగులు. ఇంజన్ ఆపి చేత్తో మెలిపెట్టి చూడండి, ఊరికే చూస్తే పగులు మూసుకుని ఉంటుంది.

లంకబండి
దొరికింది. క్లిప్పు కింద రెండంగుళాల చీలిక. కొత్త గొట్టం వేశాం. అదే వంతెన మీద 2060. పీ0101 చెరిపేశాక 300 కి.మీ. అయింది, మళ్ళీ రాలేదు. క్లచ్ కేబుల్ కొత్తది, చేత్తో పట్టి చూస్తే సెల్ఫ్ కొట్టినా చల్లగానే ఉంది. రివర్సు మెత్తగా పడుతోంది. రెండో గేరు పొద్దున్న మొదటి రెండు సార్లు ఇంకా కొంచెం పట్టేస్తుంది.
తీసిన పాత క్రాంక్ సెన్సర్ కొలిస్తే 880 ఓమ్స్. బాగానే ఉన్నట్టా?

మీటరు_మావయ్య
ఇండక్టివ్ రకానికి 500 నుంచి 1500 మధ్య మామూలు. దాని రెండు కాళ్ళకీ బయటి లోహానికీ మధ్య కూడా చూడండి, అక్కడ ఏ అంకే రాకూడదు. రాకపోతే గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి, స్పేరు.

పులస_ప్రియ
అయితే బండి అమ్మట్లేదా?

కాలవగట్టు
అమ్మినా ఆ కాలిన కేబుల్ మాత్రం అమ్మకండి. పానా గారి షెడ్డు గోడకి తగిలించాలి.

పది_పానా
పంపించండి. మేకు కొట్టి ఉంచాను.